ఛానల్ 4 తొలి రోజు: 1982 నవంబరు 2 నాటి కార్యక్రమాల వరుసపై చర్చ

పాతరేడియో:

సభ్యులందరికీ నమస్కారం. టెలివిజన్ చరిత్రలో ఏదో ఒక రోజును తీసుకుని, ఆ రోజు ఏ కార్యక్రమం తరువాత ఏది వచ్చిందో నిదానంగా గమనించడం నాకు చాలాకాలంగా ఇష్టమైన పని. ఒక ఛానల్ తన గురించి తాను చెప్పుకొనే గొప్పల కంటే, తొలినాడు అది వేసుకున్న వరుసే దాని మనసును ఎక్కువగా బయటపెడుతుందని నా నమ్మకం. అందుకే బ్రిటన్‌లో ఛానల్ 4 మొదలైన 1982 నవంబరు 2, మంగళవారాన్ని ఈ చర్చకు ఎంచుకున్నాను.

అప్పటికి ఆ దేశంలో బీబీసీ 1, బీబీసీ 2, ప్రాంతీయ కంపెనీలు ప్రకటనల రాబడితో నడిపే ఐటీవీ అనే మూడు ఛానళ్లే ఉండేవి. బీబీసీ 2 వచ్చి 18 ఏళ్లు దాటింది. నాలుగో ఛానల్ ఎప్పటికైనా వస్తుందన్న అంచనాతో, అది రాకముందే చాలా టీవీ సెట్లకు నాలుగో బటన్ అమర్చి అమ్మేవారు. ఆ బటన్ నొక్కినవారికి ఆ మంగళవారం సాయంత్రం 4 గంటల 45 నిమిషాలకు రంగురంగుల ముక్కలు ఎగురుతూ వచ్చి ‘4’ అంకెగా అతుక్కునే చిహ్నం కనిపించింది. మార్టిన్ లాంబీ-నైర్న్ రూపొందించిన ఆ చిహ్నానికి డేవిడ్ డుండాస్ నాలుగు స్వరాల సంగీతం కట్టారు. పాల్ కోయా అనే వ్యాఖ్యాత ప్రేక్షకులకు స్వాగతం పలికారు.

ఆ పైన వచ్చినవి ఇవి. ముందుగా ‘కౌంట్‌డౌన్’ అనే అక్షరాల, అంకెల ఆట. రాబోయే కార్యక్రమాలను పరిచయం చేసే ఒక చిన్న భాగం తరువాత, 5:30కు ‘ది బాడీ షో’ అనే వ్యాయామ కార్యక్రమం. 6 గంటలకు చిన్న చిన్న తగాదాలను న్యాయమూర్తి విచారించే ‘ది పీపుల్స్ కోర్ట్’ అనే అమెరికా కార్యక్రమం. 6:30కు హెర్మియోనీ లీ నిర్వహించిన ‘బుక్ ఫోర్’ అనే పుస్తక చర్చ. 7 గంటలకు వార్తలు. 8 గంటలకు లివర్‌పూల్ నేపథ్యంలో సాగే ‘బ్రూక్‌సైడ్’ సీరియల్ మొదటి భాగం. 8:30కు ఆస్ట్రేలియా హాస్యనటుడు పాల్ హోగన్ కార్యక్రమం. 9 గంటలకు స్టీఫెన్ ఫ్రియర్స్ దర్శకత్వంలో ఇయాన్ మెకెలెన్ నటించిన ‘వాల్టర్’ చిత్రం. 10:15కు ఎనిడ్ బ్లైటన్ పిల్లల సాహస కథలను హాస్యంగా అనుకరించిన ‘కామిక్ స్ట్రిప్’ బృందం నాటకం. చివరగా స్త్రీలు రాసిన కవితలను ముగ్గురు నటీమణులు పాటలుగా, అభినయంగా అందించిన ‘ఇన్ ది పింక్’.

నా ప్రశ్న ఇది. ఏడు గంటల వ్యవధిలో ఇంత వైవిధ్యం కుదరడానికి ఛానల్ తొలి అధిపతి జెరెమీ ఐజాక్స్ అభిరుచే కారణమా, లేక ఆ ఛానల్‌ను నిలబెట్టిన చట్టం, దానికి డబ్బు వచ్చే పద్ధతి కలిసి ఇలాంటి వరుసను తప్పనిసరి చేశాయా? నేను రెండో పక్షం వైపు మొగ్గుతున్నాను. మీ అభిప్రాయాలు తెలియజేయగలరు.

లీడ్స్‌వాసి:

పాతరేడియో గారూ, చర్చ మొదలుపెట్టినందుకు ధన్యవాదాలు. నేను ఉండేది ‘కౌంట్‌డౌన్’ పుట్టిన ఊళ్లోనే కాబట్టి, ఆ తొలి కార్యక్రమానికి ముందు ఏం జరిగిందన్నది కొంత వివరిస్తాను.

ఈ ఆట బ్రిటన్‌ది కాదు. ఆర్మాన్ జామో ఫ్రాన్స్‌లో రూపొందించిన అక్షరాల, అంకెల పోటీయే దీనికి మూలం. లీడ్స్ నగరంలోని యార్క్‌షైర్ టెలివిజన్ దానిని ముందు తన ప్రాంతం వరకే ‘క్యాలెండర్ కౌంట్‌డౌన్’ పేరుతో కొద్ది భాగాలుగా ప్రసారం చేసింది. అక్కడి స్థానిక వార్తల కార్యక్రమంలో చిరపరిచితుడైన రిచర్డ్ వైట్లీయే దానినీ నిర్వహించారు. జాతీయ ఛానల్ తన మొట్టమొదటి కార్యక్రమంగా దేశమంతా ఎరిగిన తారను కాకుండా, ఒక ప్రాంతీయ వార్తాహరుడిని కూర్చోబెట్టడం ఎంత ధైర్యమో ఆలోచించండి. కొత్త ఛానల్ కోసం అంకెలు లెక్కపెట్టడం ముగిసిందని, కొత్త లెక్క మొదలైందని ఆటపేరు మీద శ్లేషతో వైట్లీ పలికిన మొదటి మాటను ఇక్కడివారు నేటికీ తలచుకుంటారు. 2005లో కన్నుమూసేవరకు ఆయన ఆ కుర్చీలోనే ఉన్నారు.

ఆట చూడనివారి కోసం అంకెల భాగం ఎలా నడుస్తుందో చెబుతాను. పోటీదారుకు ఆరు అంకెలు ఇస్తారు. వాటిలో కొన్ని 1 నుంచి 10 లోపు చిన్నవి, మిగిలినవి 25, 50, 75, 100లలో నుంచి తీసినవి. యంత్రం ఒక మూడంకెల లక్ష్యాన్ని చూపుతుంది. ముప్పై సెకన్లలో కూడిక, తీసివేత, గుణకారం, భాగహారాలతోనే ఆ లక్ష్యాన్ని చేరాలి; ఏ అంకెనూ రెండోసారి వాడకూడదు. 1997లో వచ్చిన ఒక భాగంలో 25, 50, 75, 100, 3, 6 వచ్చాయి, లక్ష్యం 952. పోటీదారు 100కు 6 కలిపి 106 చేశాడు. దానిని 3తో గుణిస్తే 318. దానిని మళ్లీ 75తో గుణిస్తే 23,850. అందులో 50 తీసేస్తే 23,800. దానిని 25తో భాగిస్తే సరిగ్గా 952. మూడంకెల లక్ష్యం కోసం ఐదంకెల దాకా ఎక్కి, అక్కడినుంచి భాగహారంతో దిగివచ్చిన ఆ లెక్కను నేను ఎన్నిసార్లు కాగితం మీద వేసుకున్నా ఒళ్లు పులకరిస్తుంది. అరుపులూ లక్షల బహుమతులూ లేకుండా, ఒక గడియారం, ఒక పలక, ఇద్దరు మనుషులతో ఇంత ఉత్కంఠ పుట్టించవచ్చని ఆ ఛానల్ తొలి గంటలోనే చూపించింది.

ఈ కార్యక్రమం నేటికీ నడుస్తోంది. అయితే చిత్రీకరణ 2009లో లీడ్స్ నుంచి మాంచెస్టర్ వైపు తరలిపోయింది. ఆ తరువాత పదేళ్లకు ఛానల్ 4 తన జాతీయ ప్రధాన కార్యాలయాన్ని లీడ్స్‌లో నెలకొల్పడం మా ఊరివారికి కొంత ఊరట.

అక్షరబంధు:

లీడ్స్‌వాసి గారి లెక్కను నేనూ కాగితం మీద వేసి చూశాను. అద్భుతం. అక్షరాల భాగం గురించి ఒక చిన్న మాట: అక్కడ పోటీదారు అచ్చు కావాలో హల్లు కావాలో కోరుకుంటే తొమ్మిది పలకలు ఒక్కొక్కటిగా పేర్చుతారు. మన లిపిలో హల్లు మీద గుణింతం, కింద ఒత్తు చేరి ఒకే అక్షరంగా నిలుస్తాయి కాబట్టి, విడి పలకలతో ఈ ఆట ఆడాలంటే నియమాలన్నీ మొదటినుంచి రాసుకోవలసి వస్తుంది. అంకెల భాగానికి మాత్రం ఏ భాషా అడ్డు కాదు. మన బడుల్లో వారానికొకసారి ఆడించినా పిల్లలు నోటిలెక్కలను ప్రేమిస్తారు. విషయం పక్కకు పోకుండా ఇంతటితో ఆపుతాను.

సముద్రఘోష:

పాతరేడియో గారి ప్రశ్నను నేను మరో వైపు నుంచి చూస్తున్నాను. వైవిధ్యం దానంతట అదే మంచిదన్న భావన మీ టపాలో కనిపిస్తోంది. ఆ సాయంత్రం వరుసను ఒక సామాన్య ప్రేక్షకుడి స్థానంలో కూర్చుని చూడండి. వ్యాయామం చేద్దామని టీవీ పెట్టినవారు ఆ వెంటనే అమెరికా న్యాయస్థానాన్ని ఎందుకు చూడాలి? పుస్తక చర్చ విన్నవారు పాల్ హోగన్ హాస్యానికి నవ్వుతారా? తేలికైన హాస్యం ముగిసీ ముగియగానే, తల్లి చనిపోయి దిక్కులేనివాడైన ఒక మానసిక వికలాంగుడిని ఆశ్రమంలాంటి ఆసుపత్రిలో పడేసే కథను 75 నిమిషాలు చూపించి, అది పూర్తయిన వెంటనే మళ్లీ ప్రహసనం వేశారు. మనసు ఒక స్థితినుంచి మరో స్థితికి మారడానికి కనీసం వ్యవధి ఇవ్వలేదు.

తొలి వారాల్లో ప్రేక్షకులు బాగా తక్కువగా ఉండటం, పత్రికలు ఈ ఛానల్‌ను విసుగు పుట్టించేదని ఒకసారి, బూతులు పలికించేదని మరొకసారి ఎద్దేవా చేయడం నిజమే కదా. అందరికీ అన్నీ ఇవ్వబోతే ఏ ఒక్కరికీ అది తమ ఛానల్ అనిపించదు. వైవిధ్యం ఛానళ్ల మధ్య ఉండాలి. ఒకే ఛానల్‌లో, ఒకే రోజులో కుక్కితే అది కలగాపులగం అవుతుందని నా అభిప్రాయం.

పాతరేడియో:

సముద్రఘోష గారూ, మీ అభ్యంతరం బలమైనదే. కానీ మీరు చెప్పిన ఛానళ్ల మధ్య వైవిధ్యం, పదుల కొద్దీ ఛానళ్లున్న కాలానికి సరిపోతుంది. 1982లో మొత్తం నాలుగే ఉన్నాయి. అదే నవంబరులో ఢిల్లీ ఆసియా క్రీడలను మన దేశంలో అప్పుడప్పుడే రంగులు దిద్దుకున్న దూరదర్శన్ ఒక్కదానిలోనే చూశాం. ఛానళ్లు తక్కువగా ఉన్నప్పుడు ఒక్కొక్కటి ఎంతమందికి చోటు ఇవ్వగలదన్నదే అసలు సంగతి. ఐజాక్స్ ఒకే ప్రేక్షకుడు సాయంత్రమంతా కదలకుండా కూర్చోవాలని ఆశించలేదు. ఒక్కొక్కరు తమకు కావలసిన అరగంట కోసం వచ్చి చూసి వెళ్లడం ఆయన దృష్టిలో లోపం కాదు.

‘వాల్టర్’ గురించి కొంత విపులంగా చెప్పాలి. ఈ వరుసలో నన్ను అన్నింటికంటే కదిలించేది అదే. పిల్లలు చూడదగని కార్యక్రమాలు రాత్రి 9 గంటల తరువాతే రావాలన్న నియమం బ్రిటన్‌లో ఉంది. ఆ వేళ దాటగానే, అంటే తొలి రాత్రి తొలి అవకాశంలోనే, ఛానల్ ఆ చిత్రాన్ని పెట్టింది. ప్రారంభోత్సవం అంటే నృత్యాలు, ప్రముఖులు, బాణసంచా అని ఎవరైనా అనుకుంటారు. ఆ గంటలో తన మాట తాను స్పష్టంగా చెప్పుకోలేని మనిషిని తెర మధ్యలో నిలిపారు. మెకెలెన్ ఆ పాత్రలో వంగిన మెడతో, తడబడే నోటితో నటించిన తీరు జాలి అడుక్కునేది కాదు. అతడు ఒక మనిషని, అతడికీ ఇష్టాయిష్టాలున్నాయని చూపేది. ‘ఫిల్మ్ ఆన్ ఫోర్’ అన్న శీర్షికకు అది మొదటి చిత్రం. ఆ శీర్షికను నడిపిన డేవిడ్ రోజ్ బీబీసీలో ప్రాంతీయ నాటకాలను ప్రోత్సహించి వచ్చినవారు. చిన్న బడ్జెట్‌తో టీవీ కోసం తీసిన చిత్రాలు థియేటర్లకు కూడా వెళ్లి బ్రిటిష్ సినిమాకే ఊపిరి పోయడానికి ఆ శీర్షికే దారి తీసింది.

దాని తరువాత ప్రహసనం రావడం మీకు నచ్చకపోవడాన్ని అర్థం చేసుకోగలను. ఆ ఒక్క విషయంలో నాకూ మీ మాట సమంజసమనిపిస్తోంది; పావుగంట మౌన సంగీతమైనా ఉండవలసింది.

నాణెంవెనక:

ప్రసార సంస్థల ఆర్థిక వ్యవహారాలు నేను కొంతకాలం అధ్యయనం చేసిన విషయం కాబట్టి, మొదటి టపాలోని ప్రశ్నకు నేరుగా సమాధానం చెప్పడానికి ప్రయత్నిస్తాను.

నాలుగో ఛానల్ ఎవరిదై ఉండాలన్న వాదన 1970లలో ఏళ్ల తరబడి సాగింది. ఐటీవీ కంపెనీలు దానిని తమ రెండో ఛానల్‌గా ఇమ్మని కోరాయి. ప్రసార రంగ పరిశోధకుడు ఆంథనీ స్మిత్ వంటివారు అది ఏ ఒక్క సంస్థ చేతిలోనూ ఉండకూడదని, పుస్తక ప్రచురణకర్త రచయితలనుంచి రాతప్రతులు స్వీకరించినట్టు ఆ ఛానల్ కూడా రకరకాల నిర్మాతలనుంచి కార్యక్రమాలు తీసుకోవాలని వాదించారు. 1977లో, ప్రసారాల భవిష్యత్తుపై ప్రభుత్వం వేసిన అనన్ కమిటీ ఇచ్చిన నివేదిక ఆ ఆలోచనకు బలం చేకూర్చింది. చివరకు కన్సర్వేటివ్ ప్రభుత్వం చేసిన 1980 నాటి చట్టం రెండు పక్షాలకూ కొంత కొంత ఇచ్చింది. ఐటీవీ పట్టించుకోని అభిరుచులకు తగినంత చోటు ఇవ్వడం, రూపంలోనూ విషయంలోనూ కొత్త ప్రయోగాలను ప్రోత్సహించడం ఆ ఛానల్ విధి అని చట్టంలోనే రాశారు. అంటే వైవిధ్యం అధిపతి ఇష్టానికి వదిలిన సంగతి కాదు, చట్టం విధించిన బాధ్యత.

రెండోది డబ్బు. ఛానల్ 4లో వచ్చే ప్రకటనలను ఛానల్ 4 అమ్మేది కాదు. ఏ ప్రాంతంలోని ఐటీవీ కంపెనీ ఆ ప్రాంతంలో అమ్ముకునేది; అందుకు బదులుగా ఆ కంపెనీలన్నీ ఏటా నిర్ణీత మొత్తాన్ని చందాగా కట్టేవి, అది నియంత్రణ సంస్థ ద్వారా ఛానల్ 4కు చేరేది. దీని ఫలితం గమనించండి. పుస్తక చర్చకు ఎంతమంది ప్రేక్షకులు వచ్చారన్న దాని మీద మరుసటి రోజు ఛానల్ ఖజానా ఆధారపడలేదు. తొలి రాత్రి 9 గంటలకు, ప్రకటనదారులకు అత్యంత విలువైన వేళ, ‘వాల్టర్’ వంటి చిత్రాన్ని పెట్టే తెగువ ఒక మనిషి గుండెలోనుంచి వచ్చినా, ఆ తెగువకు అయ్యే ఖర్చును మరొకరి జేబు భరించింది.

మరొక విశేషం. ఆ రోజు ప్రకటనల వ్యవధుల్లో చాలా భాగం ఖాళీగా గడిచింది. కొత్త ఛానల్‌లో వచ్చే ప్రకటనలకు నటులకు ఎంత పారితోషికం ఇవ్వాలన్న విషయంలో నటుల సంఘం ఈక్విటీకి, ప్రకటనల ఏజెన్సీల సంఘానికి మధ్య వివాదం నడుస్తుండటంతో, నటులు కనిపించే ప్రకటనలు వేయడం కుదరలేదు. తరువాతి కార్యక్రమం కొద్దిసేపట్లో వస్తుందన్న అక్షరాల పలక, వెనుక సంగీతం, అంతే. పాతరేడియో గారు కోరిన మౌన సంగీతం ఆ రాత్రి వ్యవధుల్లో కొంత దొరికే ఉంటుంది. రాబడి మొత్తం తన ప్రకటనల మీదే ఆధారపడిన ఛానల్ అయితే అలాంటి ఆరంభంతో కుదేలయ్యేది.

తుంగభద్ర:

ఇంత వివరంగా మాట్లాడుకుంటున్నాం కాబట్టి ఒక ముఖ్యమైన విషయాన్ని చేర్చాలి. ఈ వరుస ఆ రోజు బ్రిటన్ అంతటా ఇలాగే రాలేదు. వేల్స్‌లో నాలుగో బటన్ నొక్కితే వచ్చింది ఎస్4సీ అనే వెల్ష్ భాషా ఛానల్. అది ఒక రోజు ముందే, నవంబరు 1న మొదలైంది. సాయంత్రం ముఖ్యమైన వేళల్లో వెల్ష్ కార్యక్రమాలు, మిగిలిన సమయంలో ఛానల్ 4 ఇంగ్లీషు కార్యక్రమాలు వేరే వేళలకు మార్చి వేసేవారు. అంతకుముందు బీబీసీ వేల్స్‌లో వస్తున్న ‘పోబోల్ ఎ కుమ్’ సీరియల్ కూడా ఎస్4సీకి మారింది.

ఆ ఛానల్ ఊరకనే రాలేదు. 1979 ఎన్నికల్లో వెల్ష్ ఛానల్ ఇస్తామని వాగ్దానం చేసిన కన్సర్వేటివ్ పార్టీ అధికారంలోకి రాగానే వెనక్కు తగ్గింది. హోం మంత్రి విలియం వైట్‌లా వెల్ష్ కార్యక్రమాలను ఉన్న ఛానళ్లకే పంచుతామన్నారు. జనం టీవీ లైసెన్సు రుసుము కట్టడం మానేశారు, జైళ్లకు వెళ్లారు. అప్పుడు వేల్స్ జాతీయవాద పార్టీ అయిన ప్లైడ్ కమ్రి సీనియర్ నాయకుడు గ్విన్ఫోర్ ఎవాన్స్, 1980 అక్టోబరు నుంచి ఆమరణ నిరాహార దీక్షకు కూర్చుంటానని ప్రకటించారు. సెప్టెంబరులోనే ప్రభుత్వం దిగివచ్చి మాట నిలబెట్టుకుంది.

పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు దీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణాలు అర్పించిన చరిత్ర ఎరిగిన మనకు ఈ ఘట్టం ఎంత దగ్గరగా తోస్తుందో వేరే చెప్పనక్కరలేదు. అక్కడ దీక్ష మొదలుకాకముందే ప్రభుత్వం మేలుకుంది. ఇక్కడ ఒక మహానుభావుడు కన్నుమూసి, ఊళ్లు అట్టుడికితే తప్ప మేలుకోలేదు. భాష కోసం ఒక వృద్ధుడు అన్నం మానేస్తానన్న మాట ఒక టెలివిజన్ ఛానల్‌ను తెచ్చిందని తెలిసిన నాటినుంచి, నవంబరు 2 వరుసను నవంబరు 1తో కలిపి చదవాలని నాకు అనిపిస్తుంది. ‘ఇన్ ది పింక్’లో స్త్రీల కవితలకు, ‘వాల్టర్’లో మాట స్పష్టంగా రాని మనిషికి చోటు దొరకడం, వేల్స్‌లో ఒక భాషకు చోటు దొరకడం, ఈ మూడూ ఒకే ఆలోచననుంచి వచ్చినవి: అప్పటివరకు వినిపించని గొంతులకు చోటు ఇవ్వడం.

లెస్టర్‌వాసి:

తుంగభద్ర గారి చివరి వాక్యం చదివాక నేనూ రాయక తప్పదనిపించింది. పాతరేడియో గారు ఇచ్చిన తొలి రోజు జాబితాలో భారతదేశ సంతతి వారికంటూ ప్రత్యేకంగా ఏ కార్యక్రమమూ లేదు. అది నిజమే. కానీ కొద్దికాలంలోనే లండన్ వీకెండ్ టెలివిజన్ ఈ ఛానల్ కోసం తీసిన ‘ఈస్టర్న్ ఐ’ అనే, పత్రికలా పలు అంశాలు కలగలిపిన ఆసియన్ల కార్యక్రమం, ‘బ్లాక్ ఆన్ బ్లాక్’ అనే నల్లజాతీయుల కార్యక్రమం ఒక వారం ఒకటి, మరో వారం ఒకటి చొప్పున రావడం మొదలైంది. 1984 నుంచి బహుళ సంస్కృతుల విభాగానికి పుణెలో పుట్టిన రచయిత ఫరూఖ్ ధోండీ సంపాదకుడయ్యారు. సయీద్ జాఫ్రీ నటించిన ‘తందూరీ నైట్స్’ హాస్య ధారావాహికను రాసింది ఆయనే. నస్రీన్ మున్నీ కబీర్ రూపొందించిన ‘మూవీ మహల్’ హిందీ సినిమా పాటలను, నటులను, సంగీత దర్శకులను శ్రద్ధగా పరిచయం చేసింది.

మా ఇంట్లో పెద్దవాళ్లు ఆదివారాలు టీవీ కార్యక్రమాల పుస్తకంలో ఏ రోజున ఏ భారతీయ సినిమా వస్తుందో చూసి, ఆ పట్టిక మీద ఎర్ర సిరాతో గుండ్రంగా గీసిపెట్టుకునేవారు. సినిమా అర్ధరాత్రి దాటాక వచ్చేది. మరుసటి రోజు ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు ఉన్నా కూర్చుని చూసేవారు. తెర కింద ఇంగ్లీషు అక్షరాలు పడటంతో పక్కింటి ఇంగ్లీషు ఆవిడ కూడా వచ్చి కూర్చునేది. తెలుగు సినిమాలు అక్కడ దొరికేవి కావు, హిందీవే మాకు దిక్కు. అయినా మన చీరలు, మన వంటిళ్లు, మన ఏడుపులు దేశమంతా ప్రసారమయ్యే ఛానల్‌లో కనిపించడం వారికి ఎంత ధైర్యం ఇచ్చిందో నేను కళ్లారా చూశాను.

ఇంకొక సంగతి చెబితే మన సభ్యులు సంతోషిస్తారు. 1990ల ఆరంభంలో ఇదే ఛానల్ కలకత్తాలో చిత్రీకరించిన కబడ్డీ పోటీలను చూపింది. కూత పెట్టి, ఊపిరి బిగబట్టి, గీత దాటి వెళ్లి, అవతలివాళ్లను తాకి తిరిగి రావడమనే ఆటను ఇంగ్లీషు వ్యాఖ్యానంతో విని, మా తెల్లజాతి స్నేహితులు బడి మైదానంలో చెడుగుడు ఆడటం మొదలుపెట్టారు. సముద్రఘోష గారు దీనిని కలగాపులగం అంటారేమో. నాకు మాత్రం అది ఆ నాలుగో బటన్ చేసిన మంచి పనుల్లో ఒకటి.

సముద్రఘోష:

లెస్టర్‌వాసి గారి అనుభవం ముందు వాదించడానికి ఏమీ లేదు. అక్కడ వైవిధ్యానికి ఒక ఇల్లు, కొందరు మనుషులు సాక్ష్యంగా ఉన్నారు. అయితే నా అసలు అభ్యంతరాన్ని వదులుకోను. తొలి రోజు వరుసలో దీర్ఘకాలం ఛానల్‌ను మోసినవి రోజూ లేదా వారం వారం ఒకే వేళకు వచ్చినవే. ‘కౌంట్‌డౌన్’, వార్తలు, ‘బ్రూక్‌సైడ్’. అంటే ప్రేక్షకుడికి అలవాటు కావాలి. ఆ అలవాటు లేకపోతే ప్రయోగాలను చూసేందుకు ఎవరూ మిగలరు.

‘బ్రూక్‌సైడ్’ను తీసుకోండి. దాని సృష్టికర్త ఫిల్ రెడ్‌మండ్ స్టూడియోలో అట్టగోడలు కట్టించలేదు. లివర్‌పూల్‌లో కొత్తగా కట్టిన ఒక వీధిలో ఆయన సంస్థ 13 ఇళ్లను కొన్నది. వాటిలో ఆరు తెరమీద కుటుంబాల ఇళ్లయ్యాయి. మిగిలినవి కార్యాలయాలు, కూర్పు గదులు, భోజనశాల అయ్యాయి. నిజమైన వంటింట్లో, నిజమైన ఇరుకు మెట్ల మీద తేలికపాటి కెమెరాలతో తీయడంతో ఆ సీరియల్‌కు వేరే ఛాయ వచ్చింది. యూనియన్ పనివాడైన బాబీ గ్రాంట్, అతడి భార్య షీలా అనే పాత్రల్లో రికీ టాంలిన్సన్, స్యూ జాన్‌స్టన్ నిరుద్యోగాన్ని, సమ్మెలను, ఇంటి గొడవలను ఆ గోడల మధ్య బతికించారు. మొదట్లో పాత్రల నోట వచ్చిన మోటు మాటలమీద ఫిర్యాదులు రావడంతో భాషను కొంత తగ్గించారు. సీరియల్ మాత్రం 2003 వరకు, 21 ఏళ్లు నడిచింది. నిలకడ అంటే అదీ. ‘బుక్ ఫోర్’కు అంత ఆయుష్షు దొరకలేదు.

అక్షరబంధు:

సముద్రఘోష గారూ, వార్తల విషయంలో మీ మాటకు ఒక సవరణ చేర్చవచ్చునేమో. 7 గంటల వార్తలు మొదటినుంచీ అలవాటైనవి కావు. ఐటీఎన్ సంస్థ తీసి, పీటర్ సిసన్స్ చదివిన ఆ వార్తలు దాదాపు గంటసేపు సాగేవి. మిగిలిన ఛానళ్లలో అప్పటికి అరగంట లోపు ముగిసే వార్తలకు జనం అలవాటు పడ్డారు. విదేశీ వ్యవహారాలు, విజ్ఞానం, కళలు, వ్యాపారం వంటివి వివరంగా చెప్పాలని ఐజాక్స్ పట్టుబట్టారు. తొలి నెలల్లో ప్రేక్షకులు చాలా తక్కువ. అరగంటకు కుదించమని ఎవరైనా సలహా ఇచ్చేవారు. అలా కుదించకుండా ఓపిక పట్టడంతో 1984-85 నాటి గని కార్మికుల సమ్మె సమయానికి, ఇరుపక్షాల వాదనలను తీరిగ్గా వినిపించే చోటు అదేనన్న పేరు వచ్చింది. అలవాటు కూడా ఎవరో ఒకరు నష్టాన్ని భరించి నాటితేనే మొలుస్తుంది. నాణెంవెనక గారు చెప్పిన చందా పద్ధతి లేకపోతే ఆ గంట వార్తలు మొదటి శీతాకాలం కూడా దాటేవి కావని నాకు గట్టిగా అనిపిస్తోంది.

నాణెంవెనక:

అక్షరబంధు గారి మాటతో ఏకీభవిస్తూ, ఆ పద్ధతి తరువాత ఏమైందో చెప్పి ముగిస్తాను. 1990 నాటి చట్టం ప్రకారం 1993 నుంచి ఛానల్ 4 స్వతంత్ర ప్రభుత్వ సంస్థగా మారి, తన ప్రకటనలను తానే అమ్ముకోవడం మొదలుపెట్టింది. రాబడి ఒక స్థాయికి తగ్గితే ఐటీవీ ఆదుకోవాలని, పెరిగితే మిగులులో కొంత ఐటీవీకి ఇవ్వాలని ఒక సూత్రం పెట్టారు. ఛానల్ 4 ప్రకటనలను అంత బాగా అమ్ముకుంది గనుక, ఆదుకోవలసిన అవసరం రాకపోగా ఏటా పెద్ద మొత్తాలు ఐటీవీకే చెల్లించవలసి వచ్చింది. కొన్నేళ్ల తరువాత ఆ సూత్రాన్ని ఎత్తివేశారు. ప్రకటనలను తానే అమ్ముకోవడం మొదలైన రోజునుంచి రాత్రి 9 గంటల స్థానం విలువ ఛానల్ అధికారుల కళ్లముందు అంకెల్లో కనబడసాగింది. నా దృష్టిలో 1982 నాటి వరుస లాంటిది మళ్లీ సాధ్యం కాకపోవడానికి ముఖ్య కారణం అదే. అధికారుల అభిరుచి తగ్గిపోవడం కాదు.

2022లో బ్రిటిష్ ప్రభుత్వం ఛానల్‌ను ప్రైవేటుకు అమ్మాలని తలపెట్టి, 2023 జనవరిలో ఆ ఆలోచన మానుకుంది. అయితే 2024 నాటి మీడియా చట్టం మరొక కట్టును విప్పింది: సొంతంగా కార్యక్రమాలు నిర్మించకూడదన్న పాత నిషేధం తొలగిపోయింది. బయటి నిర్మాతలనుంచే కార్యక్రమాలు తీసుకునే పద్ధతి కారణంగానే ‘కౌంట్‌డౌన్’ లీడ్స్ సంస్థనుంచి, ‘బ్రూక్‌సైడ్’ లివర్‌పూల్ సంస్థనుంచి, వార్తలు ఐటీఎన్ నుంచి వచ్చి ఒకే సాయంత్రంలో కలిశాయి. పాతరేడియో గారూ, మీరు అడిగిన ప్రశ్నకు నా సమాధానం చట్టమూ, డబ్బూ కలిసే అని. ఐజాక్స్ అభిరుచి ఆ రెండింటి మధ్య దొరికిన చోటును పూర్తిగా వాడుకుంది.

పాతరేడియో:

అందరికీ ధన్యవాదాలు. నాణెంవెనక గారు చెప్పిన నిషేధం తొలగింపు సంగతిని నేను ఈ కోణంలో ఆలోచించలేదు. దానిమీద విడిగా చర్చించవలసినంత ఉంది. తుంగభద్ర గారికి ఒక విన్నపం. నవంబరు 1న ఎస్4సీలో సాయంత్రం వచ్చిన వెల్ష్ కార్యక్రమాల వరుస మీ దగ్గర ఉంటే ఇక్కడ ఉంచగలరా? రెండు వరుసలను పక్కపక్కన పెట్టి, ‘బ్రూక్‌సైడ్’, ‘వాల్టర్’ వేల్స్‌లో ఏ వేళకు జరిగాయో చూడాలని ఉంది.